బోనులో ట్రంపెట్

ఆమె డాక్యుమెంటరీలకు ఎడిటర్. ఆయన ఆమెకు వరసకు బాబాయి. వయసులో ఉన్నన్నాళ్లూ డప్పు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి ఉద్యమ పాటలు పాడినవాడు. హైదరాబాద్‌లో ఒక ఫిల్మ్ క్లబ్ ఆఫ్రికా వలస వ్యతిరేక పోరాటాల మీద డాక్యుమెంటరీలు ప్రదర్శించాలనుకుంది. సినిమాలు ఎంచే పని ఆమెకు అప్పగించారు. వాటిలో ముఖ్యమైనది బెల్జియం దర్శకుడు యోహాన్ గ్రిమోన్‌ప్రే 2024లో తీసిన ‘సౌండ్‌ట్రాక్ టు ఎ కూ దెతా’. కాంగో తొలి ప్రధాని పాట్రిస్ లుముంబా హత్యనూ, ఆ రోజుల జాజ్ సంగీతాన్నీ పక్కపక్కన పెట్టి చూపించే సినిమా అది. దానికి ముందుమాట చెప్పమని బాబాయిని అడిగారు. ఆయన చూశాడు, చెప్పనన్నాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా నడిచిన వాదం ఇది.

ఎడిటర్: సినిమా నచ్చలేదా బాబాయ్?

పాటగాడు: నచ్చింది. నా గొడవే అది. ఒక ప్రధానమంత్రిని పదవిలోంచి దించి, బంధించి, కొట్టి, చంపి, శవం కూడా మిగలకుండా యాసిడ్‌లో కరిగించిన కథ కదా. రెండున్నర గంటలు అది చూసి లేచేసరికి నా కాలు తాళం వేస్తోంది. హత్య మీద సినిమా చూసినవాడి కాలు తాళం ఎందుకు వేయాలి? అది ఆ దర్శకుణ్ని అడగాలి.

ఎడిటర్: ఆయన అడిగించాలనుకున్న ప్రశ్న కూడా అదే. ఈ హత్యకు ఏర్పాట్లు జరుగుతున్నప్పుడు ప్రపంచం చెవిలో మోగుతున్నది జాజే. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోలో విల్లిస్ కోనోవర్ జాజ్ కార్యక్రమం 1955లో మొదలైంది. 1956లో డిజ్జీ గిలెస్పీ బృందాన్ని అమెరికా విదేశాంగ శాఖ తన ఖర్చుతో దేశాలు తిప్పింది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లను బస్సులో వెనక సీట్లకు తోస్తున్న దేశం, బయటి ప్రపంచానికి నల్ల సంగీతకారులనే రాయబారులుగా పంపింది. కాబట్టి ఈ సినిమాలో సంగీతం నేపథ్యంలో ఉండే సరుకు కాదు. కేసులో భాగం.

పాటగాడు: కేసులో భాగమైతే బోనులో నిలబెట్టాలి. సింహాసనం ఎక్కించకూడదు.

ఎడిటర్: సింహాసనం ఎక్కించింది సినిమా కాదు, చరిత్రే. 1960 అక్టోబర్ 28న ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ లియోపోల్డ్‌విల్‌లో, అంటే ఇప్పటి కిన్షాసాలో దిగాడు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద ఊరేగించారు. అదే ఊళ్లో లుముంబా తన ఇంట్లోనే బందీగా ఉన్నాడు. ఇంటి చుట్టూ ఐక్యరాజ్యసమితి సైనికులు కాపలా. వాళ్లకు అవతల, ఆయన గడప దాటితే పట్టుకుందామని సైన్యాధిపతి మొబుటు సైనికులు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ యాత్రలోనే కతంగాకు కూడా వెళ్లి వాయించాడు. కతంగా అంటే ఆ జులైలో అక్కడి నాయకుడు చోంబే విడగొట్టుకున్న రాష్ట్రం. బెల్జియం కంపెనీ యూనియన్ మినియేర్‌కు రాగి గనులున్నది అక్కడే. అమెరికా అణుబాంబు పథకానికి యురేనియం పంపిన షింకోలోబ్వే గని ఉన్నదీ అక్కడే.

పాటగాడు: ఇవన్నీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు తెలుసా?

ఎడిటర్: తెలియకుండా వాడుకున్నారన్నదే సినిమా వాదన.

పాటగాడు: అలాంటప్పుడు ఆ మనిషి ముఖాన్ని ఎన్నిసార్లు చూపించాలి? 1957లో లిటిల్ రాక్‌లో నల్లపిల్లల్ని బడిలోకి రానివ్వకపోతే, అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌ను ఒక విలేకరి ముందే దులిపేసి, ప్రభుత్వం తరఫున సోవియట్ యాత్రకు వెళ్లనని చెప్పినవాడు ఆయన. ఆనాడు ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! అలాంటివాడి నవ్వు ఒకటి తెచ్చి కుట్రదారు పక్కన అతికిస్తే, చూసేవాడికి ఆ నవ్వు కూడా కుట్రలాగే కనిపిస్తుంది. కత్తెర నీ చేతిలో ఉంటే ఎవరినైనా నేరస్థుణ్ని చేయొచ్చు తల్లీ.

ఎడిటర్: ఎవరినైనా అమాయకుణ్నీ చేయొచ్చు. 1956లో ఆయన ఇప్పటి ఘనాకు వెళ్లాడు. అక్కడ జనం మధ్య ఆయన వాయించడం, అక్కడి నాయకుడు ఎన్‌క్రూమా వినడం అన్నీ కెమెరాకు ఎక్కాయి. ఆ ఫుటేజ్‌తో 1957లో ‘సచ్‌మో ది గ్రేట్’ అని డాక్యుమెంటరీ వచ్చింది. అందులో సంగీతం ఖండాలను కలుపుతుంది, అంతే. ఆ కలిసిన దారిలో ఇంకేమేం రవాణా అవుతాయో అడగదు. గ్రిమోన్‌ప్రే ఆ ప్రశ్న అడిగాడు. ఆర్మ్‌స్ట్రాంగ్‌ను నేరస్థుణ్ని చేయలేదు. టికెట్ ఎవరు కొన్నారో చూపించాడు.

పాటగాడు: సరే, ఆర్మ్‌స్ట్రాంగ్‌ను వదిలేద్దాం. ఆ కేక సంగతేమిటి? గాయని ఆబీ లింకన్ గొంతు చించుకుని అరుస్తుంది, మాక్స్ రోచ్ డ్రమ్స్ ఉరుముతాయి, పక్కనే భద్రతా మండలిలో గొడవ. హాల్లో కూర్చున్నవాడు ఏమనుకుంటాడు? లుముంబా చావుకు పెట్టిన కేక అనుకుంటాడు. నేను ఆరా తీశాను. ఆ కేక ఉన్న ‘వీ ఇన్‌సిస్ట్!’ ఆల్బమ్ రికార్డు చేసింది 1960 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో. లుముంబాను చంపింది 1961 జనవరి 17న. నాలుగు నెలల ముందటి ఏడుపు తెచ్చి ఈ శవం మీద పెట్టారు.

ఎడిటర్: తేదీలు సరైనవే. అయితే ఇంకో తేదీ కూడా కలపండి. లుముంబా చనిపోయాడని కతంగా వాళ్లు ఫిబ్రవరి 13న ప్రకటించారు. రెండు రోజులకు, 15న, భద్రతా మండలిలో అమెరికా ప్రతినిధి అడ్లాయ్ స్టీవెన్‌సన్ మాట్లాడుతుండగా సందర్శకుల గ్యాలరీలోంచి అరవై మంది దాకా లేచి అరిచారు. కాపలావాళ్లతో పెనుగులాట జరిగింది. ఆ నిరసనకు పూనుకున్నవాళ్లలో రచయిత్రి మాయా ఏంజెలో ఉంది, రోజా గై ఉంది, ఆబీ లింకన్ ఉంది. మాక్స్ రోచ్ కూడా అక్కడే ఉన్నాడు. రికార్డులో అరిచిన మనిషే గ్యాలరీలోకి వెళ్లి అరిచింది బాబాయ్. ఆ రెండింటినీ అతికించింది ఎడిటర్ కాదు, ఆవిడ బతుకే.

పాటగాడు: ఊఁ.

ఎడిటర్: పైగా ఆ రికార్డు అమెరికా బానిసత్వం దగ్గర మొదలై ఆఫ్రికా దాకా వస్తుంది. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో దక్షిణాఫ్రికా పోలీసులు 69 మందిని కాల్చి చంపారు. ఆల్బమ్‌లో చివరి భాగం జొహానెస్‌బర్గ్ పేరు మీదే ఉంది. నైజీరియా వాద్యకారుడు ఒలాతుంజీ అందులో డ్రమ్స్ వాయించాడు. లుముంబా హత్య బయటపడకముందే ఆ సంగీతం ఆఫ్రికా వైపు తిరిగి ఉంది.

పాటగాడు: ఇప్పుడు నువ్వు చెబితే ఒప్పుకోబుద్ధి అవుతోంది. నువ్వు తేదీలు చెప్పావు, మనుషుల్ని చెప్పావు, ఎవరు ఎక్కడున్నారో చెప్పావు. సినిమాలో నాకు దక్కింది కేక ఒక్కటే.

ఎడిటర్: తెర మీద ఆధారాలు వేశాడు కదా. పుస్తకం పేరు, పేజీ నంబరుతో సహా!

పాటగాడు: నేను కళ్లద్దాలు సర్దుకునేలోపు బొమ్మ మారిపోయింది. చదవనివ్వని ఫుట్‌నోట్ ఎవరి కోసం? దబదబ వాయిస్తూ ఆధారాలు చూపిస్తే ఆధారం కూడా తాళంలో కొట్టుకుపోతుంది. పాటగాడిగా చెబుతున్నాను, ఈ విద్య నాకు తెలుసు. మీటింగులో ఉపన్యాసకుడు అంకెలు చెబితే జనం గోక్కుంటారు. అదే అంకె పల్లవిలో పెడితే చేతులెత్తి ‘అవును’ అంటారు. అంకె తప్పయినా సరే. పాట బలం అది, ప్రమాదమూ అదే. పాట విన్నవాడు ఒప్పుకున్నాడని మేమనుకునేవాళ్లం. వాడు కోరస్ అందుకున్నాడు, అంతే.

ఎడిటర్: అయితే పాటే సాక్ష్యమైన సందర్భం ఒకటి చెబుతాను. ‘ఇండిపెండెన్స్ చాచా’ వినే ఉంటారు.

పాటగాడు: వినకపోవడమేమిటి? ఆ గిటార్ వింటే ముసలివాళ్లు కూడా లేస్తారు.

ఎడిటర్: 1960 జనవరి 20న బ్రస్సెల్స్‌లో బెల్జియం ప్రభుత్వం, కాంగో నాయకులు రౌండ్ టేబుల్ చర్చలకు కూర్చున్నారు. కాంగో పార్టీలన్నీ ఒక్కమాట మీద నిలబడ్డాయి. వారం తిరిగేసరికి స్వాతంత్ర్యానికి జూన్ 30 అని తేదీ ఖాయమైంది. నాయకులతోపాటు జోసెఫ్ కబసెలే బృందం ఆఫ్రికన్ జాజ్ కూడా బ్రస్సెల్స్ వెళ్లింది. ఆ పాట అక్కడ పుట్టింది. క్యూబా నుంచి రికార్డుల్లో తిరిగొచ్చిన తాళం, లింగాల భాష. కాంగో రేడియోలో మోగింది, తర్వాత ఇతర ఆఫ్రికా దేశాల్లోనూ స్వాతంత్ర్య గీతంలా పాడుకున్నారు. ఏ నాయకుడి ఉపన్యాసం అంత దూరం వెళ్లింది?

పాటగాడు: ఆ పాటలో ఏముందో కూడా చెప్పు మరి. పార్టీల పేర్లు, నాయకుల పేర్లు. కసవుబు ఉన్నాడు, లుముంబా ఉన్నాడు, కలోంజీ ఉన్నాడు, చోంబే ఉన్నాడు. అందరూ ఒక్కటయ్యారని సంబరం. ఇప్పుడు ఒక్కొక్కడి లెక్క తీద్దాం. చోంబే జులైలో కతంగాను విడగొట్టాడు. కలోంజీ ఆగస్టులో దక్షిణ కసాయిని విడగొట్టాడు. అధ్యక్షుడైన కసవుబు సెప్టెంబర్ 5న లుముంబాను పదవిలోంచి తీసేశాడు. చివరికి లుముంబాను విమానంలో పడేసి చోంబే రాజ్యానికే పంపారు. బెల్జియం అధికారుల కళ్లముందే అక్కడ కాల్చి చంపారు. ఒకే చరణంలో భుజాలు కలిపి నిలబడ్డవాళ్లు ఏడాది తిరగకుండా ఏమయ్యారు? చంపబడినవాడూ, చంపించినవాడూ ఒకే తాళానికి కట్టుబడి ఉన్నారందులో. ఇంతకంటే పెద్ద అబద్ధం ఆడిన పాట నేను వినలేదు.

ఎడిటర్: అబద్ధమని నేననను. ఆ ఒక్క నెలా అది నిజం. అందరూ ఒక్కటిగా నిలబడ్డారు కాబట్టే అంత దగ్గరి తేదీ వచ్చింది. ఆ ఐక్యత ఉండేదని, దాన్ని తర్వాత పనిగట్టుకుని విరగ్గొట్టారని చెప్పే కాగితం అదొక్కటే. గనుల కంపెనీ కతంగాకు కొమ్ముకాసింది. బెల్జియం సైన్యాన్ని దింపింది. సీఐఏ మనిషి సిడ్నీ గాట్లీబ్ సెప్టెంబర్‌లో విషం పట్టుకుని లియోపోల్డ్‌విల్ వచ్చాడని 1975లో అమెరికా సెనేట్ కమిటీయే బయటపెట్టింది. ‘ఆఫ్రికావాళ్లు వాళ్లలో వాళ్లే కొట్టుకు చచ్చారు’ అనేవాడికి జవాబు ఆ పాటే.

పాటగాడు: కొమ్ముకాశారు, నిజం. కొమ్ములు మొలిచింది మాత్రం మనవాళ్లనుకున్నవాళ్లకే. ఇంకో సంగతి. ఆ జాబితాలో ఒక పేరు లేదు. రౌండ్ టేబుల్ రోజుల్లో అతనూ బ్రస్సెల్స్‌లోనే ఉన్నాడు, లుముంబా పార్టీ మనిషిగా తిరుగుతున్న ఒక విలేకరి. ఆ సెప్టెంబర్ 14న సైన్యంతో అధికారం పట్టింది అతనే. 1965లో మళ్లీ పట్టి 1997 దాకా వదల్లేదు. మొబుటు పేరు పాటకు దొరకలేదు. పాట వేదిక మీద ఉన్నవాళ్లను చూస్తుంది తల్లీ, తెర వెనక నిలబడ్డవాణ్ని చూడదు.

ఎడిటర్: అందుకే పాట ఒక్కటే చాలదు. డాక్యుమెంటరీ కావాలి. పాటలో లేని పేరును పాట పక్కన పెట్టడానికి.

పాటగాడు: పెట్టారా మరి? ‘జైర్ 74’ సంగతి తీయి. కాంగో పేరు జైర్ అని మార్చి మొబుటు ఏలుతున్న రోజులు. మహమ్మద్ అలీ, ఫోర్‌మన్ కుస్తీ…

ఎడిటర్: బాక్సింగ్.

పాటగాడు: ఏదో ఒకటి, పందెం. ఫోర్‌మన్ కంటికి గాయమై పందెం అక్టోబర్‌కు వాయిదా పడింది గానీ సంగీతోత్సవం సెప్టెంబర్‌లోనే జరిగింది. జేమ్స్ బ్రౌన్, బీబీ కింగ్, సీలియా క్రూజ్, మిరియం మకేబా. అమెరికా నల్లవాళ్లు, ఆఫ్రికా నల్లవాళ్లు కావలించుకున్నారు. దాని మీద నువ్విచ్చిన ‘సోల్ పవర్’ చూశాను, 2008లో వచ్చింది. ఆనందంతో ఊగిపోయాను. ఆ పండగ ఎవరి ఊళ్లో? లుముంబాను శత్రువులకు అప్పగించినవాడి ఊళ్లో. వాడే 1966లో లుముంబాను జాతీయ వీరుడని కూడా ప్రకటించాడు. గొంతు కోసినవాడే దండ వేశాడు. ఇక కాంగోలో ఫ్రాంకో అంతటి గిటారిస్టు లుముంబా మీదా పాట కట్టాడు, 1984లో మొబుటే మా అభ్యర్థి అనీ పాట కట్టాడు. మన దగ్గర మాత్రం? నెత్తుటి మడుగుల్లో పుట్టిన బాణీలు ఎన్నికల ఆటోల మీద మైకుల్లో మోగలేదా? పాటకు నోరుంది, కాపలా లేదు.

ఎడిటర్: మకేబా పేరెత్తారు కాబట్టి ఆవిడ కథ మొదటి నుంచి చూద్దాం. 1950ల చివర లయనెల్ రోగోసిన్ అనే అమెరికన్ జొహానెస్‌బర్గ్‌లో దొంగచాటుగా ‘కమ్ బ్యాక్, ఆఫ్రికా’ తీశాడు. నిజమైన మనుషులతో, నిజమైన వీధుల్లో తీసిన సినిమా. బుల్డోజర్ల కింద పడుతున్న నల్లవాళ్ల పేట సోఫియాటౌన్ అందులో ఉంది. బ్లోక్ మోడిసేన్, లూయిస్ న్‌కోసీ అనే నల్ల రచయితలు రచనలో చేయి వేశారు. అధికారులకు ఏం చెప్పాడో తెలుసా? ఆఫ్రికావాళ్ల ఆటపాటల మీద సంగీత చిత్రం తీస్తున్నానని.

పాటగాడు: నమ్మారా?

ఎడిటర్: నమ్మారు. సంగీతమే ముసుగు.

పాటగాడు: చూశావా! వర్ణవివక్ష ప్రభుత్వానికి కూడా తెలుసు, సంగీతం వల్ల ఏ హానీ లేదని.

ఎడిటర్: అలా అనుకుని మోసపోయింది. అందులో ఒక సారా దుకాణం దృశ్యంలో మకేబా వచ్చి పాడుతుంది. 1959లో సినిమా వెనిస్ వెళ్లింది, ఆవిడా వెళ్లింది. 1960లో తల్లి చనిపోయిందని ఇంటికి రావాలనుకుంటే పాస్‌పోర్టు చెల్లదన్నారు. 1963లో ఐక్యరాజ్యసమితి కమిటీ ముందు నిలబడి వర్ణవివక్ష మీద సాక్ష్యం చెప్పింది. స్వదేశంలో ఆవిడ రికార్డులు నిషేధించారు. హాని లేని గొంతును ఎవరు నిషేధిస్తారు? 1969 జులైలో అల్జీర్స్‌లో పాన్ ఆఫ్రికన్ సాంస్కృతికోత్సవం జరిగితే విలియం క్లైన్ డాక్యుమెంటరీ తీశాడు. అందులోనూ మకేబా ఉంది. అమెరికా జాజ్ వాద్యకారుడు ఆర్చీ షెప్ అక్కడే త్వారెగ్ వాద్యకారులతో కలిసి శాక్సఫోన్ వాయించాడు. ఆ ఊరేగింపుల మధ్య గినీ-బిస్సావు, అంగోలా గెరిల్లాల మాటలు కూడా వినిపిస్తాయి. సంఘీభావం అంటే నాకు ఆ సినిమా.

పాటగాడు: ఆ ఉత్సవం నాటికి మకేబా నివాసం ఎక్కడ? గినీలో. అక్కడ ఏలేది సెకూ తురే. బెంబేయా జాజ్ లాంటి బృందాలకు ప్రభుత్వమే జీతాలిచ్చి వాయింపించే దేశం. దానిలోనే బోయ్‌రో అనే జైలు. ఆ 1969లోనే, ఉత్సవానికి రెండు నెలల ముందు, ఆ ఖైదులో కీటా ఫోదేబాను చంపేశారు. ఎవరా ఫోదేబా? ‘బాలే ఆఫ్రికాన్’ నృత్య బృందాన్ని కట్టినవాడు. సెకూ తురే దగ్గరే మంత్రిగా చేసినవాడు. నువ్వు వేద్దామనుకుంటున్న ‘ఆఫ్రిక్ 50’కి సంగీతం ఇచ్చినవాడు కూడా అతనే. అల్జీర్స్ డప్పుల్లో ఆ పేరు వినిపించిందా?

ఎడిటర్: లేదు.

పాటగాడు: అదీ నా ఫిర్యాదు. సంగీతం కలుపుతుంది, కాదనను. కలిపే తొందరలో లెక్క తీయవలసినవాళ్లను కూడా కలిపేసుకుంటుంది. సంఘీభావానికి నాకు ముందుగా కావలసింది గొంతు కాదు, చెవి. బోయ్‌రో గోడల అవతలి మాట వినే చెవి.

ఎడిటర్: మీ ఫిర్యాదు సంగీతం మీదా, సంగీతాన్ని ఒంటరిగా వదిలేసిన సినిమాల మీదా? ‘ఆఫ్రిక్ 50’ తీసుకోండి. రెనే వోతియేకు అప్పుడు ఇరవై ఒక్కేళ్లు. పశ్చిమాఫ్రికా పల్లె జీవితం ఫ్రెంచి బడిపిల్లలకు చూపించమని పంపారు. అక్కడ అతనికి కనిపించింది వెట్టి, కాలిన ఊళ్లు, తూటా దెబ్బలు. వలసల్లో సినిమా తీయాలంటే గవర్నర్ అనుమతి కావాలని 1934 నాటి లావాల్ డిక్రీ ఉంది. ఆ కేసు పెట్టి జైల్లో వేశారు. రీళ్లు లాక్కున్నారు. దాచుకోగలిగిన వాటితో పదిహేడు నిమిషాల సినిమా మిగిలింది. ఫ్రాన్సులో నలభై ఏళ్ల పైగా బయటికి రానివ్వలేదు. అందులో ఫోదేబా సంగీతం ఉంది గానీ మీ కాలు ఆడదు. ఎందుకంటే గొంతు పేర్లు చదువుతుంది. ఏ కంపెనీ ఎంత లాభం తీసిందో, ఏ ఊళ్లో ఎవరిని చంపారో.

పాటగాడు: అది చూశాను. అక్కడ సంగీతం మాటకు దారి ఇస్తుంది. నువ్వు మెచ్చుకునే పెద్ద సినిమాలో మాట సంగీతానికి దారి ఇస్తుంది. నా తేడా అదే. ఇంకో తేడా కూడా. వోతియే ఫ్రెంచివాడు, గ్రిమోన్‌ప్రే బెల్జియం వాడు, క్లైన్, రోగోసిన్ అమెరికన్లు. తిట్టేదీ తెల్లవాడే, తిట్లకు బాణీ కట్టేదీ తెల్లవాడే. కాంగోవాడికి ఏం మిగిలింది? పాడటం.

ఎడిటర్: గ్రిమోన్‌ప్రే సినిమాలో ఆండ్రే బ్లూయిన్ ఉంది కదా. లుముంబా ప్రభుత్వంలో ప్రొటోకాల్ అధికారి, ఊరూరా ఆడవాళ్లను కూడగట్టిన మనిషి. ఆవిడ ఆత్మకథ సినిమాకు వెన్నెముక. కాంగో రచయిత ఇన్ కోలీ జాన్ బోఫాన్ కూడా ఉన్నాడు.

పాటగాడు: ఉన్నారు. మాట వాళ్లది, బొమ్మ వాళ్లది కాదు. ఆ ఫుటేజ్‌లో ఎక్కువ భాగం ఎవరి కెమెరాలు తీశాయి, ఎవరి బీరువాల్లో ఉంది?

ఎడిటర్: దానికి జవాబు గినీ-బిస్సావులో ఉంది. పోర్చుగల్ మీద గెరిల్లా యుద్ధం నడుస్తుండగా, 1967లో, ఆ ఉద్యమ నాయకుడు అమిల్కార్ కబ్రాల్ నలుగురు యువతీయువకుల్ని సినిమా నేర్చుకోమని క్యూబా పంపాడు. సనా నా ఎన్‌హాడా, ఫ్లోరా గోమెస్, జోసెఫీనా క్రాటో, జోసె బొలామా. తుపాకులే సరిపోని ఉద్యమం కెమెరా కోసం నలుగుర్ని పక్కన పెట్టింది! వాళ్లు తిరిగొచ్చి యుద్ధాన్ని తీశారు. 1973 జనవరిలో కబ్రాల్‌ను చంపేశారు. ఆ సెప్టెంబర్ 24న అడవిలో స్వాతంత్ర్యం ప్రకటిస్తే అదీ తీశారు. ఆ దేశానికి పాటలూ తక్కువ లేవు. సూపర్ మామా జోంబో బృందం క్రియోల్‌లో కబ్రాల్ మీద పాడితే దేశమంతా పాడింది.

పాటగాడు: ఆ రీళ్లు ఇప్పుడెక్కడున్నాయి?

ఎడిటర్: కొన్ని పాడైపోయాయి. 1998, 99 అంతర్యుద్ధంలో ఆర్కైవ్ బాగా దెబ్బతింది. మిగిలినవాటిని పోర్చుగీసు దర్శకురాలు ఫిలిపా సెజార్ చొరవతో బెర్లిన్‌లో డిజిటల్ చేశారు. తర్వాత గినీ-బిస్సావు ఊళ్లకే తీసుకెళ్లి ప్రదర్శించారు.

పాటగాడు: చూశావా? పాట నోటి నుంచి నోటికి పోయింది, ఎవడూ డిజిటల్ చేయనక్కర్లేదు. రీలు మాత్రం బెర్లిన్ దాకా వెళ్లి రావాల్సి వచ్చింది.

ఎడిటర్: ఇప్పటిదాకా పాటను నమ్మొద్దన్నది మీరే!

పాటగాడు: నమ్మొద్దన్నానే గానీ బతకదనలేదు. అబద్ధం కూడా నోటి నుంచి నోటికే బతుకుతుంది. అందుకే పాటకు రీలు కావాలి, రీలుకు పాట కావాలి. రెండింటికీ పేర్లు చదివే మనిషి ఒకడు కావాలి.

ఎడిటర్: అదే పని మిమ్మల్ని చేయమంటున్నాను.

పాటగాడు: ఇంకా నా అనుమానం తీరలేదు. ఇక్కడ సినిమా చూసేది మనవాళ్లు. బెల్జియాన్ని తిట్టుకుంటారు, అమెరికాను తిట్టుకుంటారు, జాజ్ బాగుందనుకుంటారు, ఇరానీ చాయ్ తాగి ఇంటికి పోతారు. మనం ఎప్పుడూ బాధితుల పక్షమేనన్న హాయి ఒకటి ఉంటుంది.

ఎడిటర్: ఆ హాయి చెడగొట్టే సంగతి ఉంది. 1960 సెప్టెంబర్ నుంచి 1961 మే దాకా కాంగోలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి హామర్‌షోల్డ్ ప్రతినిధి ఎవరు? రాజేశ్వర్ దయాళ్. మన దేశ దౌత్యవేత్త. లుముంబా ఇంటి చుట్టూ ఉన్న ఆ కాపలా ఆయన హయాంలోదే.

పాటగాడు: ఆయన మొబుటును గుర్తించలేదు కదా. బెల్జియంవాళ్లు మళ్లీ దొడ్డిదారిన వస్తున్నారని నివేదిక రాశాడు. అందుకే పడమటి దేశాలు పట్టుబట్టి ఆయన్ని సాగనంపాయి.

ఎడిటర్: రాశాడు. గౌరవించాల్సిందే. కానీ నవంబర్ చివర లుముంబా ఆ ఇంట్లోంచి తప్పించుకుని తనవాళ్లున్న స్టాన్లీవిల్ వైపు బయల్దేరాడు. దారిలో మొబుటు సైనికులకు చిక్కాడు. ఇంట్లో ఉన్నంతసేపే మా బాధ్యత, బయట జోక్యం చేసుకోమని ఐక్యరాజ్యసమితి సైన్యం చేతులు కట్టుకుంది. ఆ చేతులు కట్టుకున్న సంస్థకు అక్కడ ముఖం మనవాడు. తర్వాత 1961లో భారత దళాలు వెళ్లాయి. కతంగా సైన్యంతో పోరాడుతూ డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా చనిపోయాడు. పరమవీర చక్ర వచ్చింది. మనం దానికి గర్వపడతాం. సైన్యం వెళ్లేసరికి లుముంబా లేడన్నది మాత్రం గుర్తుంచుకోం.

పాటగాడు: ఇది చెబితే హాల్లో గొడవ అవుతుంది.

ఎడిటర్: కావాలి. సంఘీభావం అంటే చప్పట్లు కాదని మీరే అన్నారుగా.

పాటగాడు: నేను చెవి అన్నాను. సరే, నా షరతులు చెబుతాను. ముందుమాట చెప్పను. ముందే చెబితే నా మాటకు తగ్గట్టు చూస్తారు. మొదట ‘ఆఫ్రిక్ 50’ వెయ్యి. తర్వాత ‘ఇండిపెండెన్స్ చాచా’ ఒక్కసారి పూర్తిగా వినిపించు, బొమ్మ లేకుండా. ఊగేవాళ్లు ఊగనీ. పాట అయ్యాక లైట్లు వేయించు. ఆ పాటలో ఉన్న పేర్లు నేను ఒక్కొక్కటే చదువుతాను. ఎవరు, ఏ పార్టీ, ఆ ఏడాది చివరికి ఎక్కడున్నారు. పాటలో లేని పేరు ఆఖర్న చదువుతాను. అప్పుడు నీ పెద్ద సినిమా మొదలుపెట్టు.

ఎడిటర్: నాదీ ఒక షరతు. సినిమా అయ్యాక పారిపోకూడదు. మళ్లీ లేచి ఇంకో జాబితా చదవాలి. ఆబీ లింకన్ ఆల్బమ్ తేదీ, హత్య తేదీ, గ్యాలరీ తేదీ. ఫోదేబా పేరు. దయాళ్ పేరు. సినిమాలో సంగీతం ఎక్కడ సాక్ష్యం చెప్పిందో, ఎక్కడ నోరు మూయించిందో మీరు చెప్పండి. నేను ఎదురు చెబుతాను.

పాటగాడు: ఫోదేబా పేరు నేను చదివితే మకేబా అభిమానులు ఒప్పుకోరు.

ఎడిటర్: నేనూ ఆవిడ అభిమానినే. మీరు చదవండి. గినీలో ఉండటానికి ఆవిడకున్న కారణాలు నేను చెబుతాను. నల్లవాళ్ల ఉద్యమ నాయకుడు స్టోక్లీ కార్మైకేల్‌ను పెళ్లాడినందుకు అమెరికాలో కచేరీలన్నీ రద్దు చేశారు, సొంత దేశం తలుపులు మూసింది, ఇంకెక్కడికి పోవాలి?

పాటగాడు: చెప్పు. కారణాలు విన్నాక కూడా నేను ఆ ఖైదు పేరు చదవడం మానను. నువ్వు ఆవిడ పాట వినడం మానొద్దు. ఈ రెండూ ఒకే హాల్లో జరగాలి. మనిద్దరిలో ఎవరో ఒకరు గెలిచారని బయటికొచ్చేవాడు అనుకుంటే మాత్రం, ఆ సాయంత్రం దండగ.